గో పెట్టెలో అక్క మాటలు

ఫిబ్రవరి 6

అక్కా,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "బాగానే ఉన్నాను" అంటావు, అక్కడితో సరి. బావ పోయి ఏడాది దాటింది. పరామర్శల ఫోన్లు పడలేక నువ్వు ఇంట్లో ఫోనే తీయించేశావు. ఉత్తరం రాస్తే కార్డు మీద ఒక్క లైను జవాబు. ఆ లైనూ ప్రతిసారీ అదే. రబ్బరు స్టాంపు గానీ చేయించుకున్నావా?

అందుకని నీకో పని పెడుతున్నాను. తిట్టుకో, కానీ చెయ్యి.

మా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో ఈసారి నాకు 'గో' అనే క్రియ అప్పగించారు. గో అంటే వెళ్లడం, దీనికి ఒక మనిషీ ఒక బల్లా ఎందుకని ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వాను. తీరా కూర్చుంటే, ఇన్నాళ్లయినా వెళ్లడం అనే అర్థం దగ్గరికే రాలేదు. పాలు విరిగితే గో. జుట్టు తెల్లబడితే గో. గంట మోగితే ఆ గంట గో. ప్యాంటుకి చొక్కా నప్పితే రెండూ కలిసి గో. "అప్పుడు ఆమె ఏమందంటే" అని చెప్పడానికి కూడా ఈ కాలం పిల్లలకి ఇదే కావాలి. పిలిస్తే చాలు ప్రతి పనికీ వచ్చేస్తుంది, ఏ పనికీ జీతం అడగదు.

ఒక్కో అర్థానికి ఒక చీటీ రాయాలి. చీటీ మీద, మనం ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులో ఒక వాక్యం ఉండాలి. నేను రాసేవన్నీ ఆఫీసు నోటీసుల్లా ఉన్నాయని మా పెద్దసారు మొహం చిట్లిస్తున్నాడు. ఆయన మా సంపాదకుడు, నవ్వితే సొమ్ము పోతుందన్నట్టుంటాడు. నీ మాట తీరు నాకు రాదు. నేను అర్థాలు పంపుతాను, నువ్వు నోటికొచ్చినట్టు వాక్యాలు రాసి పంపు. మచ్చుకి నావి రెండు:

నా జుట్టు తెల్లబడిపోతోంది.
పాలు విరిగిపోతే టీ లేకుండానే పనికి వెళ్లాను.

ముందు మూడు అడుగుతున్నాను. గో అంటే పాడైపోవడం. గో ఆన్ అంటే సాగుతూ ఉండటం. గో వితౌట్ అంటే ఏదైనా లేకుండా సరిపెట్టుకోవడం.

ఆలస్యం చేస్తే అలుగుతాను.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 18

తమ్ముడికి,

ఉత్తరం అందింది. నీ వయసుకి జుట్టు తెల్లబడటమేమిట్రా? వేళకి తింటున్నావా? టీ మానకు. ఖాళీ కడుపుతో పనికెళ్తే కళ్లు తిరుగుతాయి.

నువ్వడిగినవి.

కాజాల మిషను పాడైపోయింది, అన్నీ చేత్తోనే కుడుతున్నాను.
రోజులు సాగుతున్నాయి.
ఆయన లేకుండా సరిపెట్టుకుంటున్నాను.

షాపులోకి బడిపిల్లల యూనిఫాంలు వచ్చాయి. మాస్టరు గారు బట్ట కత్తిరించి ఇస్తారు, ఇద్దరు మిషను మీద కుడతారు, చివరికి కాజాలూ గుండీలూ నా బల్ల మీదికి వస్తాయి. ఒక చొక్కా అవగానే ఇంకో చొక్కా. కుడతాను, మడతపెడతాను, పక్కన పెడతాను. నాకేమీ అనిపించడం లేదురా. ఏడుపు కూడా రావడం లేదు. మొన్న కూరలో ఉప్పు వేయడం మర్చిపోయి, గిన్నె కడిగేటప్పుడు గుర్తొచ్చింది. తిన్నంతసేపూ తెలియలేదు.

ఇంకా అర్థాలుంటే పంపు.

అక్క

మార్చి 2

అక్కా,

కార్డు పోయి కాగితం వచ్చింది! నాకు ఎంత సంబరమో చెప్పలేను. ఉప్పు లేని కూర సంగతికి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు.

"ఆయన లేకుండా సరిపెట్టుకుంటున్నాను" అన్న వాక్యం పెద్దసారు పైకి చదివాడు. చదివి, "ఇలా ఉండాలి" అన్నాడు. ఆయన నోట అంత పొగడ్త ఈ ఆఫీసులో ఎవరూ వినలేదు. అయితే కొన్ని నియమాలు చెప్పాడు. వాక్యం పొట్టిగా ఉండాలట. పేర్లు, తేదీలు, వారాలు ఏవీ ఉండకూడదట. ఎవరు ఎప్పుడు చదివినా తమ మాటే అనిపించాలట.

ఈ పనిలో ఒక జబ్బు పట్టుకుంటుంది అక్కా. మొన్న బస్సులో ఒకావిడ ఫోన్లో ఏడుస్తూ "ఇంకేముంది, అంతా పోయింది" అంటోంది. బస్సులో వాళ్లందరూ అయ్యో అన్నట్టు చూశారు. నేను జేబులోంచి చీటీ తీశాను. దిగేదాకా ఇది ఎన్నో అర్థం కింద పడుతుందా అనే ఆలోచన. దిగాక కూడా ఆవిడకేమైందో అనిపించలేదు. నాకూ నీలాగే ఉప్పు తెలియడం లేదేమో.

ఇవిగో కొత్తవి. గో అంటే చూపు, వినికిడి లాంటివి తగ్గిపోవడం. గో త్రూ అంటే కష్టమో పరీక్షో దాటుకు రావడం. గో విత్ అంటే తోడు వెళ్లడం. గో అండర్ అంటే వ్యాపారం మునిగిపోవడం. ఈ చివరిది నేనే రాసుకున్నాను, చదివి ఎలా ఉందో చెప్పు:

మా ఆఫీసు మునిగిపోయేలా ఉంది, రెండు నెలలుగా జీతాల్లేవు.

ఒళ్లు జాగ్రత్త.

తమ్ముడు

మార్చి 16

తమ్ముడికి,

నువ్వు రాసింది చదివాను. బాగానే రాశావు. ధైర్యం చెడకు. చదువుకున్నవాడివి, ఎక్కడైనా బతుకుతావు. నా కోసం ప్రయాణాలు పెట్టుకోకు. ఇప్పుడు నీ సంగతి నువ్వు చూసుకోవాలి.

రెండు చొక్కాలు కుట్టి పార్సెల్ చేశాను. నీ పాత కొలతలే. కాస్త చిక్కి ఉంటావని నడుము దగ్గర లోపలికి పట్టాను. నలుగురి ముందుకీ వెళ్లేటప్పుడు ఒంటి మీద మంచి బట్ట ఉండాలి.

నువ్వడిగినవి.

నా చూపు పక్కల నుంచి పోతోంది, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గానీ పక్కన నిలబడ్డ మనిషి కనిపించడు.
చుక్కలు వేశారు, యంత్రం ముందు కూర్చోబెట్టారు, అన్ని పరీక్షలూ దాటుకొచ్చాను.
అందరికీ ఎవరో ఒకరు తోడు వచ్చారు.

ఇంతకన్నా వివరంగా రాసే ఓపిక లేదు. నువ్వే అర్థం చేసుకుంటావు.

అక్క

ఏప్రిల్ 1

అక్కా,

చొక్కాలు అందాయి. నీలం గళ్లది వేసుకుని పనికి వెళితే ఎవరు కుట్టారని అందరూ అడిగారు. మా అక్క అని గొప్పగా చెప్పుకున్నాను. నడుము దగ్గర కాస్త బిగుతు, నేను చిక్కలేదు మరి! ఇంకోటి చెబితే కోప్పడతావా? తెల్ల చొక్కాకి మూడో కాజా గీత తప్పి పక్కకి పోయింది. నీ చేతి కాజా వంకరపోవడం నా జన్మలో చూడలేదు. షాపులో కబుర్లు ఎక్కువయ్యాయా ఏమిటి? ఎక్కువైతే మంచిదే, అలా వంకరగానే కుట్టు.

ఇక వాక్యాలు. ఎంత బాగా ఊహించావు అక్కా! పక్కన నిలబడ్డ మనిషి కనిపించడన్న మాట నాకు ఏడాది కూర్చున్నా తట్టేది కాదు. పెద్దసారు దాన్ని చూపు పోవడం అనే అర్థంలో మొదటి ఉదాహరణగా పెట్టమన్నాడు. కాకపోతే పొడుగైంది. "చూపు" అనే బదులు "ఒక కన్ను" అంటే చీటీలో ఇముడుతుంది. కుడికన్ను అందామా, ఎడమకన్ను అందామా? అది నువ్వే చెప్పాలి.

నీ మనసు మెల్లగా కుదుటపడుతోందని నాకు తెలుస్తోంది. ఇన్ని కల్పించి రాయగలుగుతున్నావంటే మనిషివి తేరుకున్నట్టే. నాకు అదే పదివేలు.

ఇంకో మూడు పంపుతున్నాను. గో అహెడ్ అంటే అనుకున్న పని జరిపించడం. టు గో అంటే ఇంకా ఇంత మిగిలుందని చెప్పడం. ఇట్ గోజ్ వితౌట్ సేయింగ్ అని ఒకటుంది. అంటే వేరే చెప్పనక్కర్లేదు, చెప్పకపోయినా తెలిసేదే అని.

తమ్ముడు

ఏప్రిల్ 13

తమ్ముడికి,

ఎడమకన్ను. కుడిదానికి కొంత మిగిలింది.

ఎడమదా కుడిదా అని అడిగావు, చాలు. ఆ మాట అడిగినవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు.

కాజా సంగతి మాస్టరు గారు కూడా చెప్పారు. తెల్ల చొక్కా పంపితే విప్పి మళ్లీ కుడతాను, ఈసారి బల్ల కిటికీ దగ్గరికి జరుపుకున్నాను. కబుర్లేమీ లేవు. నీ ఉత్తరంలో నవ్వాల్సిన చోట్లు నాకు తెలిశాయి. నవ్వు రాలేదంతే.

నువ్వడిగినవి.

ఈ నెలాఖరు సోమవారం ఆపరేషన్ జరిపిస్తామన్నారు, ఇంట్లోవాళ్లు ఒకరు వచ్చి పక్కన ఉండాలట.
ఇంకా కొంచెమే మిగిలింది.
వేరే చెప్పనక్కర్లేదు, నాకున్నది తమ్ముడొక్కడే.

అక్క

ఏప్రిల్ 20

అక్కా,

నాకు ఊపిరి సలపడం లేదు. నెలాఖరుకల్లా ఈ క్రియ చీటీల పెట్టె అచ్చుకి వెళ్లిపోవాలి. పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇంటికి. గో, గో, గో అని రోజంతా చదివాక అది మాటలా లేదు, తలుపు మీద ఎవరో కొడుతున్నట్టుంది. లేచి తీయాలని కూడా అనిపించడం లేదు.

నీ వాక్యాలు సమయానికి వచ్చాయి. ఆపరేషన్ వాక్యం మాత్రం మరీ పొడుగైపోయింది. పెద్దసారు నియమం తెలుసుగా. సోమవారం కొట్టేశాను. ఇంట్లోవాళ్లు పక్కన ఉండాలన్న ముక్క కూడా ఈ అర్థానికి అక్కర్లేదనిపించి తీసేశాను. "ఆపరేషన్ జరిపిస్తామన్నారు" అన్నంతవరకూ ఉంచాను. ఇప్పుడు చీటీకి సరిగ్గా సరిపోయింది.

తమ్ముడొక్కడే అన్న వాక్యం చీటీల్లో పెట్టలేదు. అది చదివి కాసేపు పని చేయలేకపోయాను. దాన్ని నా సొరుగులో దాచుకున్నాను.

ఈ పెట్టె పంపించాక సెలవు పెట్టి వస్తాను. నీ చేతి అన్నం తిని ఎన్నాళ్లయిందో. ఉప్పు వేసి వండు.

తమ్ముడు

మే 3

అయ్యా, మీ అక్కగారు చెబుతుంటే నేను రాస్తున్నాను. నేను వాళ్ల షాపులో కటింగ్ మాస్టర్ని. నా రాత బాగోదు, క్షమించాలి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు.

తమ్ముడికి,

సోమవారం పొద్దున ఆస్పత్రి వరండాలో నిన్ను వెతికాను. తల తిప్పి తిప్పి చూశాను, పక్కన నిలబడితే నాకు కనిపించవు కదా. పేరు పిలిచేదాకా చూస్తూనే ఉన్నాను. సంతకం పెట్టడానికి, రాత్రికి ఉండటానికి ఇంట్లోవాళ్లు కావాలన్నారు. మాస్టరు గారు షాపు మూసి వచ్చారు, సంతకం ఆయనే పెట్టారు.

దీన్ని నీటికాసులు అంటారట. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతుంది. నొప్పి ఉండదు, అందుకే పోయేదాకా తెలియదు. పోయింది మళ్లీ రాదట. కోసి ఒత్తిడి తగ్గించారు గానీ ఎడమకంటికి అప్పటికే మిగిలిందేమీ లేదని కట్టు విప్పాక చెప్పారు. కుడికన్ను వచ్చే నెల కోస్తారు. దాన్నైనా నిలబెట్టాలని చూస్తున్నారు.

కట్టుతో ఇంటికొచ్చాక నీ ఉత్తరం వచ్చింది. మాస్టరు గారు చదివి వినిపించారు. చదువుతూ చదువుతూ ఆగిపోయారు. "ఇదేంటమ్మా, మీ తమ్ముడు సోమవారం కొట్టేశానంటున్నాడు" అన్నారు. మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే చదివారు.

నేను కల్పించానా? ఏం చూసి కల్పిస్తాన్రా? నాకు వచ్చింది నేను రాశాను. మామూలుగా రాయడం చేతకాలేదు, ఏడాదిగా ఏదీ చేతకావడం లేదు. నువ్వు అడిగిన లెక్కన రాస్తే చెయ్యి ఆడింది. కన్ను ఎడమదా కుడిదా అని నువ్వడిగినప్పుడు బెంగతో అడుగుతున్నావనుకుని ఆ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకున్నాను. మీ ఆఫీసు మునిగిందనీ, జీతం లేదనీ రాశావు. తమ్ముడే కష్టంలో ఉన్నాడు, రమ్మని ఎలా అనను అని చాలా రోజులు నోరు కట్టుకున్నాను. చివరికి ఆగలేక అడిగాను. అడిగిన ముక్కనే నువ్వు కొట్టేశావు.

నాకు కోపం వచ్చింది. మీ బావ పోయాక నాకు ఏదైనా అనిపించడం ఇదే మొదలు. అందుకు నీకు దండం పెట్టాలో ఏం చేయాలో తెలియడం లేదు.

ఇంకేమీ అర్థాలు పంపకు.

అక్క

(అక్కగారు ఇంతటితో ఆపమన్నారు. కుట్లు బాగానే ఉన్నాయి. చుక్కలు వేళకి మా ఆవిడ వచ్చి వేస్తోంది. మాస్టరు.)

మే 9

అక్కా,

మా ఆఫీసు మునగలేదు. జీతం నెలనెలా వస్తోంది. అది నేను ఊరికే రాసిన మచ్చు వాక్యం. నా జుట్టు తెల్లబడలేదు. పాలు కూడా విరగలేదు.

నేను రాసినవన్నీ ఉత్తుత్తివి కాబట్టి నువ్వు రాసినవీ అంతే అనుకున్నాను. నాకంటే మూర్ఖుడు ఉండడు. నువ్వు రెండు నెలలుగా నీ కన్ను పోతోందని చెబుతున్నావు, నేను దాన్ని పొట్టిగా, అందంగా చేస్తూ కూర్చున్నాను. తెల్ల చొక్కా నా ఎదురుగా కొక్కేనికి వేలాడుతోంది. ఆ కాజా నాకు చెప్పింది, అదీ వినలేదు. నిన్ను చూడాలంటే నాకు భయంగా ఉంది.

పెద్దసారు దగ్గరికి వెళ్లి చీటీలు వెనక్కి కావాలన్నాను. అచ్చుకి వెళ్లిపోయాయన్నాడు. అవి మా అక్క మాటలు సార్, ఆమెకి నిజంగా అలా జరిగింది అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పాలి కదయ్యా" అన్నాడు. పుస్తకం వస్తుంది. నీ ఎడమకన్ను అందులో ఉంటుంది. ఎవరో పిల్లలు దాన్ని చదివి బట్టీ పడతారు. నేను ఏమీ చేయలేకపోయాను.

నెలరోజులు సెలవు పెట్టాను. రెండో కంటికి నేను వస్తాను. సంతకం నేను పెడతాను, రాత్రికి నేను ఉంటాను, చుక్కలు నేను వేస్తాను. మాస్టరు గారికి నా నమస్కారాలు. ఆయన్ని ఇక ఇబ్బంది పెట్టనక్కర్లేదు, నేనున్నాను కదా. తేదీ రాయి అక్కా. తిట్టినా సరే, తేదీ రాయి.

తమ్ముడు

మే 18

తమ్ముడికి,

ఇది నేనే రాస్తున్నాను. లైన్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే సర్దుకో. నీ ఉత్తరం కూడా నేనే చదువుకున్నాను, కాగితం కొంచెం కొంచెం జరుపుకుంటూ. ఒక పూట పట్టింది.

ఆఫీసు మునగలేదని చదివి మనసు తేలికపడింది. అది నిజం. నీకేమీ కాలేదు కదా.

కోపం తగ్గిపోయింది. తగ్గుతుంటే భయమేసింది, మళ్లీ ఏమీ అనిపించని చోటికే వెళ్లిపోతానేమోనని. మొన్న షాపుకి వెళ్లి ఊరికే కూర్చుని వచ్చాను. గుండీలు తడిమి చూసి సైజుల వారీగా వేరు చేశాను. కాజాలు ఇక నావల్ల కాదు. మాస్టరు గారు మడతల పని ఇస్తానన్నారు.

పుస్తకం గురించి బాధపడకు. పిల్లలు చదువుకుంటే చదువుకోనీ.

తేదీ అడిగావు. వచ్చే నెల మొదటి బుధవారం, పొద్దున్నే రమ్మన్నారు. నిన్న మాస్టరు గారితో ఆస్పత్రికి వెళ్లి చీటీ రాయించుకున్నాను. అక్కడి అమ్మాయి పాత కాగితం తీసి, పోయినసారి సంతకం పెట్టిన ఆయనే కదా ఈసారీ అంది. నేను అప్పుడే తెలుసుకున్నాను. ఆ సోమవారం నన్ను లోపలికి తీసుకెళ్లాక, ఇంట్లోవాళ్లయితేనే ఒప్పుకుంటామన్నారట. ఏమవుతారని అడిగితే మాస్టరు గారు "తమ్ముణ్ణి" అన్నారట. అలాగే రాసుకున్నారు.

మార్చాలా అని ఆ అమ్మాయి అడిగింది. మాస్టరు గారు నా వైపు చూశారో లేదో తెలియదు, ఆయన నాకు ఎడమపక్కన ఉన్నారు. అక్కర్లేదు, అలాగే ఉండనీ అన్నాను.

నువ్వు రా. వరండాలో బల్ల ఉంది, కూర్చోవచ్చు. లోపలికి మాత్రం తమ్ముణ్ణి పిలుస్తారు, ఒక్కణ్ణే.

అక్క